మైసమ్మ పాడుకున్న దవాఖాన

నీలమ్మ మొట్టమొదటి గెలుపు పట్నం తొవ్వలో, నడివానలో, ఎడ్లబండి కింద దక్కింది.

అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు నిండలేదు. మేనత్త వెంట తిరిగి మంత్రసాని పని నేర్చుకుంటున్నదే గాని ఒంటిచేత్తో ఒక్క కాన్పు చేసి ఎరుగదు. ఆ రోజు మేనత్త చలిజ్వరంతో మంచం పట్టింది. గోపన్‌పల్లి నుంచి ఒక తొలిచూలు పిల్లను పట్నం దవాఖానకు తీసుకుపోతూ, దారిలో తోడు రమ్మని రాతిగూడలో నీలమ్మను ఎక్కించుకున్నారు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. శివారు దాటకముందే ఆకాశం చిల్లిపడ్డట్టు వాన కురిసింది. ఎడ్లు మోకాళ్ళలోతు బురదలో మొరాయించాయి. బండి కింద గోనెపట్టా పరిచి, ఆ పిల్లను పడుకోబెట్టి, ఒక పాదం బయటపడిన బిడ్డను నీలమ్మ ఎలా తిప్పిందో, ఎలా తీసిందో, ఇప్పుడు అడిగితే ఆమే చెప్పలేదు. బిడ్డ నీలంగా వచ్చింది, ఏడవలేదు. నోట్లో నోరు పెట్టి ఊదింది, వీపు చరిచింది, మళ్ళీ ఊదింది. చివరికి కెవ్వుమన్న ఏడుపు వాన చప్పుడును మించి వినిపించింది. ఆ బిడ్డ పేరు కనకలక్ష్మి. ఇవాళ మదీనాగూడలో కాపురం చేసుకుంటున్నది, నిక్షేపంగా ఉంది.

ఆ ఒక్క కాన్పుతో నీలమ్మ పేరు చుట్టుపక్కల పది ఊళ్ళకు పాకింది. రాతిగూడలో మీసం రాని కుర్రవాళ్ళలో నీలమ్మ చేతిలో పడనివాడు ఎవడో చెప్పమనండి చూద్దాం! ఆమె బొడ్డు కోసిన పిల్లలు కొందరు రామచంద్రాపురం ఫ్యాక్టరీలో ఫిట్టర్లయ్యారు. ఒకడు పోలీసులో చేరాడు. కొడవలితో బొడ్డు కోసే అలవాటును ఊళ్ళో మొదట మాన్పించింది ఆమే. అమ్మవారు పోసిన ఏడు, సూదులవాళ్ళను చూసి ఊరంతా తలుపులు మూసుకుంటే, నడివీధిలో ముందుగా చెయ్యి చాపి సూది వేయించుకున్నదీ ఆమే. భయం అన్న మాట ఆమె కొంగు చివరకు కూడా తగలలేదని ఊరంతా చెప్పుకునేవారు.

ఒక్కచోట తప్ప.

ఆ వానరోజు బండి ఆగిన చోటికి పిలుపు దూరంలోనే చక్కటి పైకప్పున్న రాతి కట్టడం ఉంది. బండివాడు చెయ్యి చూపించాడు కూడా. "అగో, దవాఖాన ఉన్నది గద చెల్లె, అండ్లకు తీస్కపోదం" అన్నాడు. నీలమ్మ ముఖం పాలిపోయింది. "సచ్చినా బతికినా ఈడనే. అండ్లకు మాత్రం వద్దన్నా" అన్నది. బురదలో పురుడు పోసింది గాని ఆ గడప మాత్రం తొక్కలేదు.

దాన్ని గత్తర దవాఖాన అంటారు. గత్తర తగిలితే వాంతులూ విరేచనాలతో మనిషి ఒక్క పూటలో పీల్చేసిన చెరుకుపిప్పి అయ్యే కాలంలో, నిజాం సర్కారు వారు రోగులను ఊరికి ఎడంగా ఉంచడానికి కట్టించారు. మోటు రాతి గోడలు, డంగుసున్నం, టేకు దూలాలు. లోపల పొడుగాటి గది ఒక్కటే. గోడల పొడవునా మనిషి పడుకునేంత రాతి అరుగులు. పేరుకు దవాఖాన. డాక్టరు వచ్చినప్పుడల్లా వాకిట్లో నిలబడి లోపలికి చూసి పోయేవాడట. రోగి తాలూకు వాళ్ళు గడప దాటరాదు. నీళ్ళకుండ, గంజిముంత గడప బయట పెట్టి వెనక్కి తిరగాలి. లోపల కాళ్ళాడే రోగి ఎవరైనా ఉంటే వచ్చి తీసుకుంటాడు. లేకపోతే లేదు.

నీలమ్మ తల్లి బుచ్చమ్మను అందులో చేర్చేనాటికి నీలమ్మ చిన్నపిల్ల. రోజూ కుండ మోసుకుపోయి గడప దగ్గర పెట్టి వచ్చేది. ఒకనాటి మధ్యాహ్నం పోయేసరికి నిన్నటి కుండ నిన్నటిలాగే నిండుగా ఉంది. పిల్ల ఏం చెయ్యాలో తోచక కొత్త కుండను దాని పక్కనే పెట్టింది. చీకటి గది లోపలి నుంచి ఒక గొంతు, ఎండిన ఆకు గోడకు రాసుకున్నట్టు, "నీళ్ళు... నీళ్ళు బిడ్డా..." అన్నది. గడప దాటొద్దని పెద్దలు ఒట్టు వేయించారు. పిల్ల దాటలేదు. సాయంత్రం సర్కారు బండి వచ్చి శవాలన్నిటినీ ఒక్కసారే గుట్ట కిందికి తీసుకుపోయింది. ఒకే మంట. ఎవరి బూడిద ఎవరిదో తెలియదు. తల్లికి సమాధి లేదు, బొక్కలు ఏరి నీళ్ళలో కలిపింది లేదు. నీలమ్మకు మిగిలింది ఆ గడప ఒక్కటే.

అందుకే ఏటా పెత్తరమాస నాడు, ఊళ్ళో అందరూ తమ పెద్దల పేరున బియ్యమిచ్చుకునే వేళ, నీలమ్మ ఒక కుండ నీళ్ళు తెచ్చి ఆ గడప ముందు పెట్టేది. మూకుడు మూసి, దాని మీద రాయి పెట్టేది. మరునాడు పోయి చూస్తే రాయి రాయిలాగే, మూకుడు మూకుడులాగే ఉండేవి. కుండ మాత్రం ఖాళీ. కుక్కలు తాగుతాయనే బుద్ధిమంతులు ఊళ్ళో ఉన్నారు. రాయి తీసి, నీళ్ళు తాగి, మళ్ళీ రాయి పెట్టి పోయే కుక్కను వాళ్ళే చూపించాలి.

పోలీసు చర్య తర్వాత కట్టడం పంచాయతీ చేతికి వచ్చింది. ఒకసారి బడి కూలిపోతే పట్టాభిరామయ్య పంతులు పిల్లలను తెచ్చి అక్కడ కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం కాకముందే పిల్లలు దాహమని ఏడుపు లంకించుకున్నారు. బిందెడు నీళ్ళు తాగారు. తాగి కూడా పెదవులు తడుముకుంటూ ఏడుస్తూనే ఉన్నారు. మర్నాటి నుంచి బడి చింతచెట్టు కింద నడిచింది. ఆ తర్వాత మేకల కాపర్లు కూడా ఆ గోడ నీడకు మేకలను తోలలేదు.

అలా పడి ఉండగా, డెబ్బై ఆరో సంవత్సరం వానలు వెనకబడే వేళ, సమితి నుంచి కాగితం వచ్చింది. పంచాయతీల కింద ఊరికే పడి ఉన్న కట్టడాలను వాడుకుంటే వాడుకోండి, లేదంటే హర్రాజు వేసి ఖాళీ చేయించండి అని. ఎమర్జెన్సీ రోజులు. పైనుంచి కాగితం దిగితే కింద పని జరిగి తీరాలి. పంచాయతీకి కొత్తగా వచ్చిన ఆఫీసరు వెంకటరామయ్య గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. సర్పంచి వీరేశం పటేల్‌ను కూర్చోబెట్టి, రాళ్ళకూ దూలాలకూ హర్రాజు వేస్తే సరిపోతుందని తేల్చాడు. కొన్నవాడు పడగొట్టి, రాళ్ళురప్పల మలబా మొత్తం ఎత్తుకుపోవాలి. గుంతలు లేకుండా నేల చదును చేసి పోవాలి.

ఆ మాట చెవిన పడగానే నీలమ్మ చావడికి వచ్చింది.

"పటేలా, గా దవాఖాన అమ్మకుండ్రి. కాన్పుల గది చేసుకుందం. వానకాలంల ఆడోళ్ళు ఎంత పరేషాన్ అయితున్నరో మీకెరుకలేదా?"

వీరేశం చుట్ట పక్కన పెట్టాడు. "మాట మంచిదే. గాని నీలమ్మా, నువ్వు మంత్రసానివై ఎన్నేండ్లాయె? ఎన్నడన్న గా గడప లోపట కాలు పెట్టినవా?"

నీలమ్మ నేల చూపు చూసింది.

"నువ్వే పోని జాగకు కడుపుతోనున్న ఆడోళ్ళను పొమ్మంటవా? వాండ్లు కాన్పయితరా, గుండె పలిగి సస్తరా?"

చావడిలో నవ్వులు లేచాయి. డప్పు మొగిలి ఒక్కడు నవ్వలేదు. ఊరికి చాటింపు వేసేదీ, హర్రాజులు పలికేదీ వాడే. వాడి ముగ్గురు పిల్లలూ నీలమ్మ చేతిలో పడ్డవాళ్ళే.

"పో, ఒక్కపూట అండ్ల కూసోని రా" అన్నాడు వీరేశం. "ఇగ హర్రాజు మాటే ఎత్త. హర్రాజు దినందాంక టైమిస్తున్న."

నీలమ్మ పోయింది. మిట్టమధ్యాహ్నం, గాలి కూడా కదలని వేళ, గడప ముందు నిలబడి కాలెత్తింది. లోపల ఏదో మసలింది. "నీళ్ళు బిడ్డా" అన్న ఆ పాత గొంతు, అంత సన్నగానే, అంత దగ్గరగానే వినిపించింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి వచ్చేసింది. ఇంటికి చేరి చెంబుల కొద్దీ నీళ్ళు తాగింది. నాలుక తడి కాలేదు.

మొగుడు రామచంద్రం రాళ్ళు కొట్టే పనివాడు. ఆమె అవస్థ చూసి జాలిపడ్డాడు. "అమ్ముతె అమ్మనియ్యరాదే. సచ్చినోళ్ళ కొంప, ఉంటె ఎంత, పోతె ఎంత? నీకెందుకు ఫికర్?"

"అది పడగొడితె మా అమ్మ ఏడికి పోతది?" అన్నది నీలమ్మ.



హర్రాజు రోజున గత్తర దవాఖాన ముందు ఊరంతా కూడింది, గోడకు చాలినంత ఎడంగా. కొనడానికి వచ్చినవాడు ఒక్కడే. బోరబండ నుంచి పాత ఇళ్ళ సామాను బేరం చేసే నర్సింహ. బొద్దుగా, నోటి నిండా పాన్‌తో, ఊరివాళ్ళ ముఖాలు చూసి పడీపడీ నవ్వాడు.

"దయ్యాలా? నవాబుల దేవిడీలు పడగొట్టినోణ్ణి నేను. దయ్యాలు నన్ను జూస్తె లేచి సలాం గొడ్తయి!"

మొగిలి డప్పు ఒకసారి మోగించి మొదలుపెట్టాడు. రాతిగూడలో ఒక ఆనవాయితీ ఉంది. చింతకాయలు కానీ, చెరువు చేపలు కానీ, తాటివనం కానీ, ఊరి సొత్తు ఏది హర్రాజుకు వచ్చినా తొలిపాట గుట్ట మీది మైసమ్మ తల్లి పేరున ఒక్క రూపాయి. అది లాంఛనం. ఆ వెంటనే ఎవరో ఒకరు పై పాట పాడతారు, బేరం నడుస్తుంది. తాతల నాటి నుంచి అంతే.

"మైసమ్మ తల్లి పాట, ఒక్క రూపాయి!" అని మొగిలి అరిచాడు. "పైన పాడేటోళ్ళు పాడుండ్రి!"

"ఠైర్‌జా, జర ఆగు, దూలాలు జూసొస్త" అంటూ నర్సింహ చేతికర్ర ఊపుకుంటూ గడప దాటి లోపలికి పోయాడు.

కర్రతో దూలాలను తట్టిన చప్పుడు కొంతసేపు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎంతకీ రాడు. వచ్చేసరికి అతని చేతిలో కర్ర లేదు. పెదవుల మీద పాన్ ఎరుపు ఎండి పొరలు కట్టింది. మొగిలి తన పక్కనున్న కడవలో ముంచి ఇచ్చిన చెంబు లాక్కుని గటగటా తాగాడు. ఇంకోటి అడిగాడు. ఇంకోటి.

"ఏమైందన్నా?" అన్నాడు మొగిలి.

"లోపట ఎవలో ముసలాయన పండుకోని ఉన్నడు. నీళ్ళు తెమ్మంటుండు. జర పోసి రాండ్రి, పాపం" అన్నాడు నర్సింహ. అని, చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూశాడు. ఎవరూ చెప్పాల్సిన పని లేకుండానే అతనికి అర్థమయింది. వెనక్కి చూడకుండా లింగంపల్లి తొవ్వ పట్టాడు.

జనం ఇంకా తేరుకోలేదు. కాని మొగిలి నోటికి మాత్రం అలవాటైన పని తెలుసు. "మైసమ్మ తల్లి పాట, ఒకటోసారి! రొండోసారి!" అంటూ, తనేం చేస్తున్నాడో తనకే తెలియకుండా "మూడోసారి!" అని డప్పు మీద గట్టిగా కొట్టాడు.

హర్రాజు ముగిసింది.

వెంకటరామయ్య అంతదాకా తలవంచుకుని రాసుకుంటున్నాడు. "సరేనండి. పాట ఎవరి పేరున ఖాయమైందండీ?"

"మైసమ్మ పేర్న సార్" అన్నాడు మొగిలి బిక్కచచ్చిపోయి.

"ఇంటిపేరు? ఆవిడ వచ్చారా?"

గుంపులో ఒక ముసలమ్మ అందుకుంది. "ఆమె రాని జాగ యాడున్నది సారూ?"

వీరేశం మొగిలి మీదికి లేచాడు. "నీ నోరు పడిపోను! మూడోసారి ఎందుకు కొట్టినవ్ రా?"

"మూడోసారి కొట్టకుంటె హర్రాజు ఎట్ల ఒడుస్తది పటేలా? ఎప్పుడన్న ఎవలో ఒకలు పైన పాడుతరాయె. ఇయ్యాల ఎవలూ పాడకపోతిరి!"

రద్దు చేద్దామన్నాడు వెంకటరామయ్య. పంచులు చేతులెత్తితే చాలునన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. మైసమ్మ పాడుకున్నదాన్ని వాపసు గుంజుకునే మొనగాడు రాతిగూడలో పుట్టలేదు. వీరేశం కూడా తన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. వెంకటరామయ్య నుదురు తుడుచుకున్నాడు.

"అయితే పాడుకున్నవారి తరఫున ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి స్వాధీనం చేసుకోవాలండి. సాయంత్రంలోగా ఎవరూ వెళ్ళకపోతే పాట చెల్లదు. మళ్ళీ హర్రాజు వెయ్యాల్సిందే, ఈసారి పట్నంలో వేస్తారు."

ఎవరూ కదలలేదు.

నీలమ్మ చెవిలో మాత్రం నర్సింహ అన్న మాటే తిరుగుతోంది. ముసలాయన. ముసలాయన అన్నాడు గాని ఆడమనిషి అనలేదు. మరి ఇన్నేళ్ళుగా తను వినేది ఎవరి గొంతు? తను పెట్టిన నీళ్ళు తాగింది ఎవరు? ఆ సంగతి తెలియకుండా ఇంటికి పోవడం, లోపలికి పోవడం కన్నా కష్టమనిపించింది.

మొగిలి పక్కనున్న నీళ్ళ కడవ ఎత్తి చంకన పెట్టుకుంది.

"నీలక్కా, వద్దే!" అన్నాడు మొగిలి.

ఆమె గడప దాటింది.

లోపల చల్లగా లేదు. రాతి గది చల్లగా ఉండాలి, లేదు. జ్వరంతో ఉన్న మనిషి ఊపిరిలా గాలి వెచ్చగా ముఖానికి కొట్టింది. నర్సింహ కర్ర నేల మీద పడి ఉంది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక అరుగులు కనిపించాయి. అన్నీ ఖాళీయే. మొదటి అరుగు దగ్గర "నీళ్ళు" అన్న మాట వినిపించింది. నిజమే, ముసలాయనే. నీలమ్మ ఆ రాతి మీద దోసెడు నీళ్ళు పోసింది. రాయి ఆ నీళ్ళను మట్టి పీల్చినట్టు పీల్చుకుంది. రెండో అరుగు దగ్గర ఒక పసిగొంతు. ఆ తర్వాతి దాని మీద ఎవరో తురకామె, "పానీ, అమ్మా, పానీ" అన్నది. బతికినప్పుడు ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, ఒకే దాహంతో పక్కపక్కన ఉన్నారు. ఒక్కో గొంతు దగ్గరా చెవి ఒగ్గి విన్నది. ఒక్కటీ బుచ్చమ్మది కాదు.

చిట్టచివరి మూల అరుగు మాత్రం ఏమీ అడగలేదు.

నీలమ్మ దానికి చెయ్యి ఆనించి చూసింది. ఎవరో ఇప్పుడే లేచి పోయినట్టు రాయి వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం చల్లారేదాకా దాని మీద కూర్చుంది.

బయటికి వచ్చేసరికి పొద్దు గుట్ట వెనక్కి దిగుతోంది. ఒక్కరూ ఇంటికి పోలేదు. రామచంద్రం వాకిట్లో కూలబడి ఉన్నాడు.

"మీ అమ్మ ఉన్నదా?" అని వీరేశం గొంతు తగ్గించి అడిగాడు.

"లేదు పటేలా. మస్తుమంది ఉన్నరు. మా అమ్మ లేదు. ఎన్నడు పోయిందో, పోయింది."

"మరి గా మస్తుమంది?"

"నీళ్ళే అడుగుతున్నరు, ఇంకేం అడుగుతలేరు. పోస్తె ఊకుంటున్నరు. కాన్పుల గదిల ఎప్పుడూ నీళ్ళుండాలె గద పటేలా. పుట్టేటోళ్ళకు ఎట్లాగూ కాగబెడ్తం. పోయినోళ్ళకు నాలుగు దోసెళ్ళు పోస్తె మన సొమ్మేం బోతది?"

వెంకటరామయ్య కలం తీసి, పాడుకున్నవారి తరఫున నీలమ్మ స్వాధీనం చేసుకున్నట్టూ, పాడుకున్నవారే దాన్ని ఊరి ఆడవాళ్ళ కాన్పులకు ఒప్పగించినట్టూ రాశాడు. వీరేశం సంతకం పెట్టాడు, ఒక్కసారి గుట్ట వైపు దండం పెట్టుకుని.

సమితి వారు మాత్రం ఒక మెలిక పెట్టారు. మైసమ్మది కానీ, మరొకరిది కానీ, కాన్పుల గది అని బోర్డు కట్టాలంటే సర్కారు దవాఖానలో తర్ఫీదు పొందిన దాయి ఉండి తీరాలన్నారు. పది ఊళ్ళకు పురుళ్ళు పోసిన మనిషిని పోయి నేర్చుకు రమ్మనడం ఊరికి చిన్నతనంగా తోచింది. నీలమ్మకు తోచలేదు. "నేర్సుకుంటె అరుగుతమా" అని, దీపావళి వెళ్ళగానే మూట కట్టుకుని ఆరు నెలల తర్ఫీదుకు పట్నం పోయింది. అక్కడి నర్సమ్మలు ఆమె చేతివాటం చూసి నోళ్ళు వెళ్ళబెట్టారని, పెద్ద డాక్టరమ్మే స్వయంగా ఎదురుకాళ్ళ కాన్పుకు ఆమెను పక్కన నిలబెట్టుకున్నదని ఊళ్ళోకి కబురు వచ్చింది. రాతిగూడ మనిషి అంటే మాటలా!

రామచంద్రం గది గోడలకు సున్నం కొట్టాడు, పగలే, తలుపులు బార్లా తెరిచిపెట్టి. అరుగుల మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. నీళ్ళ వంతు మొగిలిది. వాడి పెండ్లానికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. నీలక్క వస్తే తప్ప, ఆ గదిలో తప్ప కాననని ఆమె పట్టు పట్టి కూర్చుంది. అందుకని మొగిలి రోజూ పొద్దుగూకే ముందు కడవ తెచ్చి, గడప ఇవతలే నిలబడి, చేతులు చాచి లోపల పెట్టి వస్తాడు. తెల్లవారేసరికి ఖాళీ కడవ గడప ఇవతల ఉంటుంది.

ఈ మధ్య లోపలివాళ్ళు నీళ్ళ మాట ఎత్తడం లేదట. కడవ పెట్టి తిరగబోతుంటే వెనకనుంచి వేరే మాట అడుగుతున్నారట, ఆమె ఎప్పుడొస్తదని. మొగిలి, అడిగినవాళ్ళకు జవాబు చెప్పకుండా పోతే బాగుండదని, అటు తిరగకుండానే, హర్రాజు పలికినంత గట్టిగా చెప్పి వస్తాడు:

"ఏప్రిల్ పదిహేను, శుక్రవారం!"